లంక చుట్ట నుసి, హోమ్స్ పైపు

షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకు నుసి మీద ఒక చిన్న పుస్తకం రాశాడట. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో ఆ సంగతి చెబుతూ, హంతకుడు కాల్చింది లంక చుట్ట అని తేలితే సగం వెతుకులాట తప్పినట్టే అంటాడు. ఆ లంక మన గోదావరి లంకే. వరద తీశాక మిగిలిన ఒండ్రులో పెరిగిన ఆకు అంత దూరం వెళ్ళింది. అంత ముక్కున్న మనిషి తాను కాల్చేది మాత్రం ముతక షాగ్ పొగాకు. ముందురోజు పైపులో మిగిలిన మడ్డిని ఎండబెట్టి, పొద్దున్న ఫలహారానికి ముందు దాన్నే మళ్ళీ వెలిగించేవాడు! ఎవరి రుచి వారిది.

మా తాతయ్యకు చుట్టలోకి ఒకే ఆకు చాలు. వాసన చూసి, రెండు నీటిచుక్కలు చిలకరించి, తొడ మీద చుట్టేసేవాడు. పైపుకి అలా కుదరదు, ఆకులు కలపాలి. అక్కడే మనిషికో అభిప్రాయం.

మన ప్రకాశం జిల్లా పొగాకు బ్యారన్లలో వేడికి పండే వర్జీనియా ఆకే చాలా మిశ్రమాలకు పునాది. ఆకులోని పిండి చక్కెరగా మారి తీపి వస్తుంది. గబగబా పీల్చేవాడి నాలుక మండేదీ దీంతోనే. బర్లీ ఆకును నీడన ఆరబెడతారు. అందులో తీపి ఉండదు, అందుకే వెనిలా, చెర్రీ ఏది పట్టించినా పీల్చుకుంటుంది. ఆ పరిమళం పక్కవాడికే దక్కుతుంది, కాల్చేవాడికి మిగిలేది వేడి. నాకెప్పుడూ నచ్చలేదు.

లటాకియా సంగతి వేరు. పేరు సిరియా రేవుది, ఇప్పుడు ఎక్కువగా వచ్చేది సైప్రస్ నుంచి. ఎండిన ఆకును కట్టెల పొగలో వేలాడదీస్తే నల్లబడి, చలిమంట వాసన పట్టేస్తుంది. ఇక పెరీక్ అచ్చంగా ఊరగాయే. లూయిజియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో ఆకును విస్కీ పీపాల్లో కుక్కి, మరతో బిగిస్తారు. మధ్యమధ్య తీసి గాలి తగలనిచ్చి మళ్ళీ అదుముతూ ఏడాదిపాటు ఊరబెడతారు. మిరియాల ఘాటు, ఎండుపళ్ళ పులుపు. పులుసులో ఇంగువంత పడితే చాలు, చెయ్యి జారితే మొత్తం చెడుతుంది.

కలపడం ఒక ఎత్తు, కూరడం ఒక ఎత్తు. చిటికెడు నొక్కితే ముద్ద కాకూడదు, పొడి రాలకూడదు. అడుగున పసివాడి చేత్తో, మధ్యలో ఆడమనిషి చేత్తో, పైన మగాడి చేత్తో కూరాలని పాతకాలం పైపురాయుళ్ళ మాట. పైన బిగిసి కింద వదులుగా ఉంటేనే గాలి ఆడుతుంది, నిప్పు నిలుస్తుంది.

డాక్టరు గట్టిగా చెప్పాక పైపు మానేసి చాలా ఏళ్ళయింది. లటాకియా డబ్బా ఒకటి మాత్రం బీరువాలో ఉండిపోయింది. అప్పుడప్పుడూ మూత తీసి వాసన చూస్తాను. వెంటనే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు: “ఏమండీ, ఏదో మాడుతున్నట్టు లేదూ?”