తండ్రికి ఆడపేరు

మొన్నామధ్య ఒక సాయంత్రం, రాజాంలో ఇంజనీరింగు చదువుతున్న కుర్రాడొకడు గ్రాఫు కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. దాని మీద వంశవృక్షం గీశాడు. కళాపూర్ణుడు అన్న పేరు పైన తండ్రి గడిలో సుముఖాసత్తి అనీ, తల్లి గడిలో మణిస్తంభుడు అనీ రాసి, రెంటి చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టాడు.

"ఇదేటి మాస్టారూ, అచ్చుతప్పా? తండ్రికి ఆడపేరేటి?"

అచ్చుతప్పు కాదు. పింగళి సూరన కళాపూర్ణోదయానికి అదే తాళంచెవి. ఆ కుర్రాడు టోల్కీన్ చదివినవాడు, యండమూరి నవలలన్నీ నమిలినవాడు. పాత కావ్యం అనగానే నిద్రొచ్చే వయసు. "ఇందులో రూపాలు మార్చుకునేవాళ్ళున్నారు, ఎగిరే సింహముంది, పోయిన జన్మ కథ చెప్పే పసిపిల్ల ఉంది, నువ్వు చదివే వాటి వరసలోదే" అని పుస్తకం చేతిలో పెట్టింది నేనే. వాడు దాన్ని కావ్యంలా చదవలేదు. యంత్రం విప్పినట్టు విప్పాడు. అలా చదవడమే సరైన పద్ధతని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

మా వైపు సాహిత్యమంటే వాస్తవికతే. గురజాడ, చాసో, రావిశాస్త్రి, కారా మాస్టారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం వెలిసిందంటే ఈ నేల కథను ఎంత పట్టుగా పట్టుకుందో తెలుస్తుంది. ఆ పట్టుకు నేనూ దాసుణ్ణే. అయితే దానివల్ల ఒక చిన్నచూపు కూడా అబ్బింది. గంధర్వులూ మాయలూ ఉంటే అది పిల్లల సరుకు, చందమామలో సీరియల్ సరుకు అని పక్కన పెట్టేస్తాం. కాలేజీలో ప్రబంధం చెప్పినా పరీక్షకు నాలుగు వర్ణన పద్యాలు తీసుకుని, కథను గాలికి వదిలేస్తాం. అల్లిక అంతా కథలోనే ఉంటే మరి?

సూరన 16వ శతాబ్దంవాడు. కావ్యాన్ని నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. పురాణంలోంచి కథ తెచ్చుకోవడం మర్యాదగా చెల్లుతున్న రోజుల్లో కథ తనే కల్పించుకున్నాడు. ఎనిమిది ఆశ్వాసాలు. మొదట ద్వారకలో ఒక తోట, ఉయ్యాల మీద కలభాషిణి. ఆకాశంలో విమానం, అందులో రంభ, నలకూబరుడు. ఆ దారినే నారదుడూ, ఆయన శిష్యుడు మణికంధరుడూ.

విమానం దగ్గర ఒక మాట. "చూశారా, మనవాళ్ళకి ఆనాడే విమానాలు తెలుసు" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, మా ఊళ్ళో కాస్త ఎక్కువ. అలా అన్నప్పుడల్లా సూరన పనితనం మీద దుమ్ము పోసినట్టు ఉంటుంది నాకు. ఆయనకు విమానం ఎలా ఎగిరిందన్నదానితో పని లేదు. పైన ఇద్దరు ఏకాంతంలో మాట్లాడుకోవాలి, ఆ మాట కింద ఉయ్యాల ఊగుతున్న పిల్ల చెవిన పడాలి. సరిగ్గా అంత ఎత్తులో నిలిపాడు దాన్ని. కళాపూర్ణుడి కథ మాట వస్తుంది, రంభ అది చెప్పకూడదంటుంది. చెప్పకూడదన్న కథ చెవిన పడ్డాక ఇంక ఆ పిల్ల ఊరుకుంటుందా? మనం ఊరుకుంటామా?

ఊరుకోం గానీ, సూరన మనకు అంత తొందరగా చెప్పడు. మధ్యలో ఇద్దరు రంభలూ ఇద్దరు నలకూబరులూ తయారవుతారు. కలభాషిణి రంభ రూపంలో, మణికంధరుడు నలకూబరుడి రూపంలో. ఎవరు ఎవరని పొరబడ్డారో లెక్క తేల్చడానికే మా కుర్రాడికి రెండు కాగితాలు పట్టాయట. తేల్చాక మాత్రం ఒక్క పొరపాటూ దొరకలేదన్నాడు.

ఇప్పుడు ఆ ఎర్ర సున్నాల దగ్గరికి వద్దాం. చాలా దూరం వెళ్ళాక తెలుస్తుంది, చెప్పకూడని ఆ కథ బ్రహ్మ సరస్వతికి చెప్పినదని. ఇద్దరూ సరసంలో ఉన్నారు. ఆవిడ అలిగి మొహం తిప్పుకుంది. పక్కనున్న మణిస్తంభంలో ఆ ముఖం నిండు చంద్రుడిలా ప్రతిఫలించింది. బ్రహ్మ దాన్నే పొడుపుకథ చేసి చెప్పాడు. నీడగా పుట్టిన ఆ నిండు చంద్రుడు కళాపూర్ణుడు. పుట్టడానికి కారణం అందమైన ముఖం దగ్గరకు రావడం, అంటే సుముఖ ఆసత్తి. అది తండ్రి. పుట్టిన చోటు మణిస్తంభం. అది తల్లి. సంస్కృతంలో ఆసత్తి స్త్రీలింగం, స్తంభం పుంలింగం. అందుకే తండ్రికి ఆడపేరు, తల్లికి మగపేరు వచ్చాయి.

ఇంతవరకూ ముచ్చటైన శ్లేష. రాఘవపాండవీయంలో ఒకే పద్యంతో రామాయణమూ భారతమూ నడిపించినవాడికి ఇది ఎడమచేతి పని. అయితే ఇక్కడ ఆడుతున్నది బ్రహ్మ. ఆయన నోట వచ్చిన మాట జరిగి తీరాలి. అంటే భూమ్మీద ఎక్కడో ఒక ఆడది తండ్రి కావాలి, ఒక మగవాడు తల్లి కావాలి. వ్యాకరణంలో లింగం మాట జారినందుకు మనుషుల ఒళ్ళు మారాలి! మరో కవి అయితే ఒక శాపం పడేసి చేతులు దులుపుకునేవాడు. సూరన దానికోసం ఒక జంటను వెతికి తెచ్చాడు.

వాళ్ళు శాలీనుడు, సుగాత్రి. శాలీనుడంటే సిగ్గరి అని అర్థం. కూతుర్ని నగలతో అలంకరించి తల్లి గదిలోకి పంపుతుంది, అల్లుడు తల ఎత్తి చూడడు. అతనికి తోటపనే లోకం. ఒకరోజు సుగాత్రి నగలు తీసి పక్కన పెట్టి, తనూ తోటపనిలో చెయ్యి వేస్తుంది. చెమట పట్టిన ఆ మనిషిని అప్పుడు చూస్తాడు అతను, మొదటిసారి పెళ్ళాంగా. మా వాస్తవికవాదులు ఎవరు రాసినా ఇంతకంటే గొప్పగా రాయలేరనిపించే ఘట్టం ఇది. ఒక అద్భుత కావ్యం నట్టనడుమ, మట్టిలో.

తర్వాత ఆ ఇద్దరే మణిస్తంభుడూ సుముఖాసత్తీ అవుతారు, ఆడామగా తారుమారవుతారు, కళాపూర్ణుణ్ణి కంటారు. ఆ తోట ఘట్టాన్ని మళ్ళీ చదవండి. కొత్తకోడలికి ఉండాల్సిన సిగ్గు అతనికిచ్చాడు, ముందడుగు ఆవిడ చేత వేయించాడు. దేహాలు మారకముందే పాత్రలు సగం మారిపోయాయి. వ్యాకరణం అడిగినదాన్ని సూరన స్వభావంలోంచి తీసి ఇచ్చాడు. వడ్రంగి పని తెలిసినవాళ్ళు అతుకు మీద వేలు పెట్టి రాసి చూస్తారు, ఎత్తు తగులుతుందేమోనని. ఇక్కడ తగలదు.

ఇదంతా మనకు చెప్పేదెవరు? మధురలాలస అనే పసిపిల్ల, కలభాషిణికి మరుజన్మ. కళాపూర్ణుడి మణి మహిమతో పూర్వజన్మ గుర్తొచ్చి, మాటలు రాని వయసులో సభలో నోరు విప్పుతుంది. ఆ కళాపూర్ణుడేమో వెనకటి మణికంధరుడు. చెప్పకూడని కథ విన్న పిల్లే ఆ కథలో పుట్టి, ఆ కథే చెబుతోందన్నమాట.

1939లో టోల్కీన్ అద్భుత కథల మీద ఉపన్యాసమిస్తూ, కల్పించిన లోకానికి లోపలి పొందిక ఉండాలనీ, అది చెదిరితే నమ్మకం పోతుందనీ వాదించాడు. మనవాళ్ళే ముందు అని జబ్బలు చరచుకోవడానికి ఈ మాట ఎత్తలేదు. ఆ కొలబద్దతో కొలిచినా సూరన నిలుస్తాడు, అంతే. కట్టమంచి రామలింగారెడ్డి 1914లోనే 'కవిత్వతత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని ముందు పెట్టుకుని, కథ అల్లికను వర్ణనల కంటే పెద్ద విషయంగా చర్చించారు. ఆ దారిన నడిచినవాళ్ళు తక్కువ.

నడిచినవాళ్ళలో ఒకరు మా పక్క ఊరివారే. వెల్చేరు నారాయణరావు గారు పుట్టింది రాజాంకు దగ్గర్లోని అంబఖండిలో, 1932లో. అప్పటికి అది ఏ జిల్లానో గానీ, మేమంతా శ్రీకాకుళం వాళ్ళమనుకుంటూ పెరిగి, 2022లో ఊరు కదలకుండానే విజయనగరం జిల్లా వాళ్ళమయ్యాం. రూపాలు మారడం మాకు కొత్తేం కాదు. ఆయన డేవిడ్ షూల్మన్‌తో కలిసి చేసిన కళాపూర్ణోదయం ఇంగ్లీషు అనువాదాన్ని 2002లో కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ట్రఫాల్గర్ స్క్వేరులో గుర్రపు తల గంధర్వుడు వచ్చిపడే విశ్వనాథ 'హాహా హూహూ'ను కూడా తర్వాత ఇంగ్లీషు చేశారు, 2018లో పెంగ్విన్ వేసింది. పిల్లల సరుకని మనం పక్కన పెట్టినదాన్ని ఆయన బల్ల మీద పెట్టి, దీపం దగ్గరికి లాగి చదివారు.

లోపాలు లేవని కాదు. చివరి ఆశ్వాసాల్లో పెళ్ళీ దిగ్విజయమూ వచ్చేసరికి నడక మందగిస్తుంది. ముడులన్నీ విప్పేశాక ప్రబంధం లాంఛనాలు తీర్చుకున్నట్టు ఉంటుంది. మా కుర్రాడైతే "అక్కడ స్కిప్ చేసీసేను మాస్టారూ" అన్నాడు నిర్మొహమాటంగా. నేను కోప్పడలేదు.

స్తంభం సంగతి చెప్పాక వాడు కాసేపు మాట్లాడలేదు. ఎర్ర సున్నాల పక్కన 'సరే' అని రాసుకున్నాడు. తర్వాత కాగితం అటు తిప్పి, అడుగునున్న మధురలాలస దగ్గర్నుంచి పైనున్న ఉయ్యాల దాకా ఒక బాణం గీశాడు. గీసి, "మొదటి ఆశ్వాసం మళ్ళీ సూడాల, ఆ పిల్ల పైనుంచి ఏటేటి ఇన్నాదో" అని పుస్తకం చంకన పెట్టుకుని సైకిలెక్కాడు.