బోర్డు ఎత్తకముందే చెప్పాలి

షోలాపూర్ ఫుట్‌బాల్ ఊరు కాదు. ఆ పేరు కొల్హాపూర్‌ది. అక్కడి శాహూ స్టేడియంలో పాటాకడీల్ తాలీమ్‌కూ ఖండోబా తాలీమ్‌కూ మ్యాచ్ పడితే పేటలకు పేటలే కదిలి వస్తాయి. మన దగ్గర క్రికెట్టు, కబడ్డీ. అయినా హోట్గి రోడ్డు నేతపనివాళ్ల క్వార్టర్లలో ఫుట్‌బాల్ పంచాయితీ ఏళ్ల తరబడి నడుస్తోంది. ఇచల్‌కరంజిలో సాంచాల మీద పనిచేసి తిరిగొచ్చినవాళ్లు ఈ పిచ్చిని మాకు అంటించారు. చాంపియన్స్ లీగ్ మ్యాచ్ అర్ధరాత్రి దాటాక మొదలైనా సరే, పాళీ దిగి వచ్చినవాళ్లు ముఖం కడుక్కుని నేరుగా టీవీ ముందుకే వస్తారు.

ఆ టీవీ ముందు ఒక కట్టుబాటు ఉంది. కోచ్‌ను తప్పుపట్టదలచినవాడు, గీత పక్కన రెఫరీ నంబర్ల బోర్డు ఎత్తకముందే నోరు విప్పాలి. ఎవర్ని తీయాలి, ఎవర్ని దింపాలి, ఎందుకు? మూడూ చెప్పాలి. గోల్ పడ్డాక అన్న మాట లెక్కలోకి రాదు. "అయిపోయినంక అందరు కోచ్‌లే తమ్మీ, ముందుగాల చెప్పు" అంటాడు మా పెద్దమామ. ఆట చూడడంలో నాకు అబ్బిన విద్యంతా ఈ ఒక్క కట్టుబాటు పెట్టిన భిక్షే. ముందే చెప్పాలంటే బంతిని వదిలేసి మనుషుల్ని చూడాలి. ఏ బ్యాక్ నడుం మీద చేతులు వేసుకుంటున్నాడు, ఏ వింగర్ వెనక్కి పరిగెత్తడం మానేశాడు, మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య ఎంత జాగా తెరుచుకుంది, ప్రత్యర్థి ఏ పక్కనుంచి మాటిమాటికీ వస్తున్నాడు? పది నిమిషాలు ఇలా చూస్తే సబ్‌గా ఎవరు దిగాలో మనకే తెలిసిపోతుంది.

ఆపద్ధర్మ కోచ్ కుర్చీలో ఉన్నప్పుడు ఈ పంచాయితీ రెట్టింపవుతుంది. ఆటగాళ్లను కొన్నది ఆయన కాదు, జట్టును కట్టిందీ ఆయన కాదు. పాత కోచ్‌ను మధ్యలో పంపించేసి ఈయన్ని కూర్చోబెడతారు. మా సాంచాల దగ్గర రోజువారీ మనిషి రాకపోతే బదలీ కార్మికుడిని ఎక్కిస్తారు. పడుగు ఇంకొకరు ఎక్కించింది, ముడులు ఇంకొకరు వేసినవి, గుడ్డలో తప్పు పడితే మాట మాత్రం ఈయనకే. ఆపద్ధర్మ కోచ్‌ది కూడా అదే బతుకు. ఆయన చేతిలో ఉండేవి రెండే: మ్యాచ్‌కు ముందు రాసిచ్చే పదకొండు పేర్లు, మధ్యలో చేసే మార్పులు. అందుకే ఆ మార్పుల మీద అంత చూపు.

మా దగ్గర ఇప్పటికీ తెగని తగువు 2012 మే 19 నాటి చాంపియన్స్ లీగ్ మ్యూనిక్ ఫైనల్. ఆ ఏడాది మార్చి మొదట్లో చెల్సీ క్లబ్ విల్లాస్ బోయాస్‌ను తీసేసి, సహాయకుడిగా ఉన్న రాబర్టో డి మాటియోను ఆపద్ధర్మంగా నిలబెట్టింది. బార్సిలోనాను దాటుకుని ఆయన బయర్న్ సొంత మైదానంలో ఫైనల్‌కు వెళ్లాడు. టెర్రీ, ఇవానోవిచ్, రామిరెస్, మెయిరెలెస్ నలుగురూ సస్పెన్షన్‌లో ఉన్నారు. అప్పటిదాకా చాంపియన్స్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని ర్యాన్ బెర్ట్రాండ్ అనే 22 ఏళ్ల కుర్రాణ్ణి ఎడమ పక్కన, ఆష్లీ కోల్‌కు ముందు ఆడించాడు. అటునుంచి వచ్చేది రాబెన్, లామ్. ఒక్క మనిషితో ఆగే జోడీ కాదు కాబట్టి ఇద్దరు బ్యాక్‌లను ఒకరి ముందు ఒకరిని నిలబెట్టాడు. ఆ రాత్రి డి మాటియో చేసిన అసలు పని ఇదే అని నా నమ్మకం. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అందరూ మాట్లాడేది చివరి నిమిషాల గురించే. 83వ నిమిషంలో ముల్లర్ గోల్ కొట్టాడు. మరుసటి నిమిషంలో డి మాటియో కలూను తీసి టోరెస్‌ను దింపాడు. 87లో బయర్న్ కోచ్ హెయింకెస్, గోల్ కొట్టిన ముల్లర్‌నే బయటికి పిలిచి, ఎత్తరి డిఫెండర్ వాన్ బ్యూటెన్‌ను పంపాడు. 88లో టోరెస్ కార్నర్ సంపాదించాడు, మాటా కొట్టాడు, ద్రోగ్బా తలతో లోపలికి దూర్చాడు. చివరికి పెనాల్టీల్లో 4-3తో కప్పు చెల్సీది.

"ముల్లర్‌ను తీసుడే కొంప ముంచింది" అని కుర్రాళ్లు ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. ఒక గోల్ ఆధిక్యం, మిగిలింది కొద్ది నిమిషాలు, ఎదుట ద్రోగ్బా, గాల్లో వచ్చే బంతుల భయం. అలాంటప్పుడు పొడుగు మనిషిని దింపక ఎవరిని దింపుతారు? హెయింకెస్ మార్పు సరైనదే, గోల్ పడింది అంతే. అలాగే రాబెన్ అదనపు సమయంలో పెనాల్టీ పోగొట్టుకోకపోయి ఉంటే డి మాటియోను అంతా తిట్టేవారు, బెర్ట్రాండ్ ఎంపికను మూర్ఖత్వం అనేవారు. ఎంపిక మాత్రం అప్పుడూ ఇదే, దాని వెనకున్న ఆలోచనా ఇదే.

2021 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు కొద్ది రోజులు కోచ్‌గా నిలబడ్డ మైకేల్ కారిక్‌దీ ఇదే కథ. చెల్సీ మీద రొనాల్డోను బెంచి మీద కూర్చోబెట్టాడు. మ్యాచ్ 1-1. రొనాల్డో పేరు పెద్దది కాబట్టి రచ్చ పెద్దది. ముందుకు ఉరికి వచ్చే జట్టు మీద వెనక్కి పరిగెత్తే కాళ్లు కావాలి కదా అన్న ప్రశ్న ఆ రచ్చలో వినపడలేదు.

ఇవన్నీ సబ్‌లు ఉన్న కాలం ముచ్చట్లు. ఇంగ్లండ్ లీగ్‌లో ఒక్క సబ్‌ను, అదీ గాయమైతేనే అని, 1965లో ఒప్పుకున్నారు. ప్రపంచకప్‌లో సబ్‌లు వచ్చింది 1970లో. ఐదు మార్పులు 2020లో కోవిడ్ వల్ల వచ్చి, 2022లో నియమంగా స్థిరపడ్డాయి. ఈ వెసులుబాటు లేని రోజుల్లో మార్పు అనే విద్యను శిఖరానికి తీసుకెళ్లినవాడు మన హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిపెట్టిన రహీం సాబ్.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయిలాండ్ మీద గెలిచిన మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడితే ప్రతి ఎత్తు బంతికీ తల పెట్టాలి. రహీం ఆయన్ని ఇంటికి పంపలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్‌కు గోల్‌కీపర్‌నూ మార్చి తంగరాజ్‌ను దించాడు. సెప్టెంబరు 4న, స్టేడియం స్టేడియమే మనవాళ్లను ఎగతాళి చేస్తుండగా, పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. అదే కొరియా మీద 2-1తో బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. మా క్వార్టర్ల కుర్రాళ్లకు గార్డియోలా పేరు తెలిసినంతగా ఈ పేరు తెలియకపోవడం నాకు బాధ.

రహీం వారసత్వం ఉన్న దేశంలో ఇవాళ మన కోచ్‌లకు దక్కేది ఎక్కువగా ఆపద్ధర్మ కుర్చీయే. గోవాకు చెందిన క్లిఫర్డ్ మిరాండాను చూడండి. 2020 జనవరి ఆఖర్న ఎఫ్‌సీ గోవా సెర్జియో లోబెరాను తీసేసి ఆయనకు పగ్గాలిచ్చింది. జట్టు లీగ్ షీల్డ్ గెలిచి, ఏఎఫ్‌సీ చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు చేరిన తొలి భారత క్లబ్ అయింది. తర్వాతి సీజన్‌కు క్లబ్ వేరే విదేశీ కోచ్‌ను తెచ్చుకుంది. 2023లో ఒడిశా ఎఫ్‌సీ కూడా ఆయన్ని తాత్కాలికంగానే నిలబెట్టింది. ఏప్రిల్ 25న కోళికోడ్‌లో బెంగళూరును 2-1తో ఓడించి సూపర్ కప్ గెలిచాడు. ఆ పైన ఒడిశా శాశ్వత కోచ్‌గా పిలిచింది అదే లోబెరాను.

లోబెరా సమర్థుడే, అందులో అనుమానం లేదు. కానీ కప్పు చేతిలో పెట్టినవాడికి ఒక పూర్తి సీజన్ ఇవ్వకపోవడం అన్యాయం. 60వ నిమిషంలో ఫలానావాణ్ణి ఎందుకు తీశావని రాత్రంతా తగువాడే మనం, ఈ మార్పు ఎందుకు చేశారని క్లబ్బులను కూడా అంతే గట్టిగా అడగాలి.