పక్కపక్కన కూర్చున్న వాత్సల్యం: చేపలవేట కథనాలు రెండింటి పరిశీలన

పెద్దవాడు పిల్లవాణ్ని వెంటబెట్టుకొని చేపలవేటకు వెళ్లడమనే ఇతివృత్తాన్ని సాధారణంగా విద్యాసంక్రమణంగా వ్యాఖ్యానిస్తారు. పెద్దవాడు నేర్పుతాడు, చిన్నవాడు నేర్చుకొంటాడు, నైపుణ్యం ఒక తరం నుంచి మరో తరానికి అందుతుంది. ఈ వ్యాఖ్యానంలో లాభమంతా పిల్లవాడిదే. పెద్దవాడికి దక్కేదేమిటన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఎర్నెస్ట్ హెమింగ్వే 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ' (1952), నార్మన్ మక్లేన్ 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' (1976) అనే లఘు నవలలను ఆ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ రచనల్లో పెద్దవాడికి దక్కేది మాటలు అక్కరలేని సామీప్యం. అయితే ఆ మౌనమే పక్కనున్న మనిషిని కనబడకుండా కూడా చేయగలదు. మొదటి రచన ఈ సంగతిలో ఒక పార్శ్వాన్ని చూపితే, రెండవది రెండో పార్శ్వాన్ని చూపుతుంది.

వాత్సల్యాన్ని ప్రత్యేక రసంగా అంగీకరించిన ఆలంకారికులలో 'సాహిత్యదర్పణ' కర్త విశ్వనాథుడు ముఖ్యుడు. ఆయన లెక్కలో పుత్రాదులు ఆలంబనం. వారి చేష్టలు, విద్య, శౌర్యం, దయ మొదలైనవి ఉద్దీపనలు. ఆలింగనం, శిరశ్చుంబనం, వీక్షణం, పులక, ఆనందబాష్పం వంటివి అనుభావాలు. వాత్సల్యమనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చే పోతన యశోద ఈ చట్రంలో చక్కగా ఒదుగుతుంది. ఆమె చూపు ఎప్పుడూ బిడ్డ మీదే. మన్ను తిన్నాడేమోనని నోరు తెరిపించి చూసేదీ, రోలుకు కట్టేదీ అతణ్నే. చేపలవేటలో ఈ ముఖాముఖి అమరిక మారిపోతుంది. ఇద్దరూ పక్కపక్కన ఉంటారు, ఇద్దరి చూపూ గాలపుతాడు మీదో నీటి మీదో ఉంటుంది. ప్రేమ ఆ మూడో వస్తువు మీదుగా ప్రయాణిస్తుంది. అందుకే ఈ కథల్లో అనుభావాలు చాలా పొదుపుగా ఉంటాయి.

హెమింగ్వే నవలలో మనోలిన్ సాంటియాగో కొడుకు కాడు. ఎనభైనాలుగు రోజులుగా చేప పడని ముసలివాడి దగ్గర మొదటి నలభై రోజులు ఉన్నాడు. ఆ తరువాత తల్లిదండ్రులు అతణ్ని మరో పడవకు మార్చారు. తన కన్నకొడుకే అయితే తెగించి వెంట తీసుకుపోయేవాణ్నని ముసలివాడు అంటాడు. అతడి ప్రేమకు హక్కు లేదు. ఆ సంగతి అతడికి తెలుసు. మరి దక్కినదేమిటి? ఇద్దరి మధ్య జరిగే ఒక సంభాషణ దీనికి జవాబిస్తుంది. పడవలో తొలిసారి ఎక్కినప్పుడు మనోలిన్ అయిదేళ్ల వాడు. పట్టిన చేప ఇంకా చావకుండా కొట్టుకొని పడవను దాదాపు ముక్కలు చేసింది. ఆ తోక దెబ్బలు, విరిగిన అడ్డబల్ల, దుడ్డుకర్రతో కొట్టిన చప్పుడు, తనను తడి తాళ్లచుట్ట మీదికి తోసేసిన తోపు, అన్నింటినీ పిల్లవాడు వరసగా చెబుతాడు. ఇది నిజంగా నీకు గుర్తుందా, నేను చెప్పగా విన్నావా అని ముసలివాడు అడుగుతాడు. కలిసి వెళ్లిన నాటి నుంచి అంతా గుర్తుందని పిల్లవాడి జవాబు. ముసలివాడు అప్పుడు అతడి వైపు ప్రేమగా చూస్తాడు. విశ్వనాథుడు చెప్పిన వీక్షణం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. దానికి ఉద్దీపన పిల్లవాడి శౌర్యమూ కాదు, విద్యా కాదు, జ్ఞాపకం. తన బతుకును మరొకరు తమ జ్ఞాపకంగా మోస్తున్నారన్న ఎరుకే ముసలివాడికి దక్కిన ఫలం.

సముద్రం మీద ఒంటరిగా ఉన్నప్పుడు పిల్లవాడు పక్కన ఉంటే బాగుండునని సాంటియాగో పదే పదే అనుకొంటాడు. ఈ పునరుక్తిని ఒంటరితనపు సూచనగా మాత్రమే తీసుకొంటే సరిపోదు. ఒకచోట అది సాయం కోసం, మరొకచోట ఈ దృశ్యాన్ని అతడూ చూడాలని, ఇంకొకచోట కొంకర్లు పోయిన చేతిని రుద్దడానికి. శ్రమలో తోడు, చూపులో తోడు, నొప్పిలో తోడు. ఇంత తలచుకొనే పిల్లవాడు ముసలివాడి కలల్లోకి ఎప్పుడూ రాడని కథకుడు ప్రత్యేకించి చెబుతాడు. కలలో వచ్చేవి సాగరతీరపు సింహాలు. పిల్లవాణ్ని ప్రేమించినట్టే వాటినీ ప్రేమిస్తాడట. మెలకువలో ఉన్నవాడు కలలోకి రానక్కరలేదని రచయిత భావించాడేమో.

ఒడ్డున ఆశ్రయం, ఆలంబనం తారుమారవుతాయి. తిండి తెచ్చేదీ, దుప్పటి కప్పేదీ పిల్లవాడే. గుడిసెలో అన్నం గిన్నె లేదు, విసురువల ఎప్పుడో అమ్ముడైపోయింది. అయినా ఉన్నట్టు ప్రతి రోజూ ఇద్దరూ మాట్లాడుకొంటారు. ఈ నాటకం ఇద్దరికీ తెలుసు. పిల్లవాడు ముసలివాడి లేమిని పూర్తిగా తెలుసుకొని, తెలియనట్టు నటించడం ద్వారా అతడి గౌరవాన్ని కాపాడతాడు. చివర ఆ గాయపడ్డ చేతుల్ని చూసి ఏడ్చేదీ అతడే. బాష్పం ఇక్కడ బిడ్డ పక్షాన చేరింది. ఈ నవలను కేవలం పురుషకార గాథగా బోధించే అలవాటు ఈ భాగాన్ని ఉపోద్ఘాతంగానో ఉపసంహారంగానో కుదించివేస్తుంది. నా దృష్టిలో వేట కన్న బరువైన భాగం ఇదే.

అయితే ఫలం అన్న మాట తీరిక ఉన్నవారి మాట కాదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. వేట జీవనాధారమైన చోట బిడ్డ ముందు ఒక జత చేతులు. మనోలిన్ తండ్రి కొడుకును అదృష్టం ఉన్న పడవకు మార్చడంలో క్రౌర్యం లేదు, లెక్క ఉంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరగ్రామాల సాహిత్యాన్ని చదివేటప్పుడు కూడా ఈ లెక్కను మరచి వాత్సల్యాన్ని మాట్లాడలేం. పైగా ఈ తోడు మగపిల్లలకే దక్కింది. తకళి శివశంకర పిళ్ళై 'చెమ్మీన్' (1956)లో చెంబన్‌కుంజుకు ఇద్దరూ ఆడపిల్లలే. సముద్రంలో మగవాడి క్షేమం ఒడ్డున ఉన్న భార్య శీలం మీద ఆధారపడుతుందనే నమ్మకం గల ఆ లోకంలో కరుత్తమ్మ పడవెక్కే ప్రశ్నే లేదు. తండ్రి కాంక్ష అంతా పడవ మీద, వల మీద కేంద్రీకృతమవుతుంది. దాని మూల్యం కూతురు చెల్లిస్తుంది.

మక్లేన్ లోకం తీరికది. మోంటానాలో ప్రెస్బిటేరియన్ మతాచార్యుడైన తండ్రి ఇద్దరు కొడుకులకు గాలం విసరడాన్ని దాదాపు ప్రార్థనలాగే నేర్పుతాడు. పియానో మీద ఉండే లయమాపకాన్ని తెచ్చి, నాలుగు లెక్కల లయలో చేయి కదలాలని అభ్యాసం చేయిస్తాడు. చిన్నవాడు పాల్ ఆ లయను నేర్చుకొని, దాటి, తనదైన పద్ధతిని కనుగొన్నాడు. కలిసి వేటకు వెళ్లిన ఆఖరి రోజున తండ్రి బ్లాక్‌ఫుట్ నది ఒడ్డున గ్రీకు భాషలో కొత్త నిబంధన చదువుతూ కూర్చుంటాడు. తరువాత పెద్దకొడుకుతో కలిసి, పాల్ పెద్ద చేపను పట్టడం చూస్తాడు. విద్య, శౌర్యం ఉద్దీపనలుగా విశ్వనాథుడి సూత్రం అక్షరాలా నెరవేరే ఘట్టమిది.

కాని ఆ కొడుకు తాగుడు, జూదపు బాకీలు నది దగ్గర మాటలకు రావు. సాయం చేయాలని తండ్రికీ అన్నకూ ఉంది, ఎలా చేయాలో తెలియదు. నదిలో పాల్ చేయి వారికి సంపూర్ణంగా తెలుసు. నది బయటి పాల్ తెలియడు. మనోలిన్ మౌనం తెలిసినవాడి మౌనం, ఈ తండ్రిది తెలియనివాడి మౌనం. మనోలిన్‌కు ముసలివాడి ఆకలి, గుడిసె, చినిగిన చొక్కా రోజూ కళ్లెదుట ఉన్నాయి. పాల్ అవసరాలు అతడి నైపుణ్యం వెనుక దాగాయి. ఎంత బాగా గాలం విసిరితే అంత బాగా దాగాయి.

పాల్ హత్యకు గురవుతాడు. రచయిత సొంత తమ్ముడు 1938లో హత్యకు గురైన వాస్తవం ఈ కథకు మూలం. డెబ్బై దాటిన వయసులో మక్లేన్ దీన్ని ప్రచురించాడు. కొడుకు మరణం గురించి ఇంకా ఏమైనా తెలుసా అని తండ్రి పెద్దకొడుకును మళ్లీ అడుగుతాడు. చేతి ఎముకలు దాదాపు అన్నీ విరిగాయన్నది ఒక్కటే కొత్త సంగతి. తండ్రి ఏ చేయి అని అడుగుతాడు. కుడి చేయి అని జవాబు వస్తుంది. కొడుకు ఎదురు తిరిగి పోరాడి చనిపోయాడన్న సూచన ఆ జవాబులో ఉంది. లయమాపకం ముందు తాను తీర్చిన చేయి అదేనన్న ఎరుక కూడా ఉంది. నది ఒడ్డున కూర్చున్న రోజుల నుంచి ఆ తండ్రికి నిశ్చయంగా తెలిసినది ఆ చేయి ఒక్కటే.