నాయనమ్మ తొక్కిన మట్టి

మా పాత ఇంటి పడమటి గోడకో బీట ఉండేది. ఎండాకాలంలో వేలు దూరేంత తెరుచుకునేది, ముసురు పట్టాక మూసుకునేది. నాన్న ఏటా సిమెంటు పూసేవారు. మళ్లీ వేసవికి అదే చోట బీట. తప్పు గోడది కాదని, పునాది కింది నల్లరేగడిదని మట్టిని పరీక్షించే ల్యాబ్‌లో చేరాక తెలిసింది.

మట్టి ఉబ్బుతుందో లేదో చూసే పరీక్ష సులువు. రెండు కొలజాడీల్లో 10 గ్రాముల చొప్పున జల్లించిన పొడిమట్టి వేసి, ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ 100 మిల్లీలీటర్ల గీత దాకా పోసి 24 గంటలు వదిలేయాలి. కిరోసిన్‌లో మట్టి అణిగి ఉంటుంది. నీళ్లలో రేగడి ఉబ్బి పైకొస్తుంది. అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం పొరపొరకూ నీరు పీల్చుకుంటుంది. వానలు వెళ్లాక పత్తిచేనుకు తేమ అందించేదీ, ఇంటి పునాదిని ఎత్తి దించేదీ ఆ గుణమే.

ఆ ఉబ్బును అణచడానికి రేగడికి సున్నం కలపడం, లేదా తవ్విపోసి మొరం నింపడం పాత వాడుక. మేం చేసేది వేరు. థర్మల్ కేంద్రం బూడిద, ఉక్కు కర్మాగారం స్లాగ్ కలిపి, కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ ద్రావణం పోస్తాం. క్షారానికి బూడిదలోని సిలికా, అల్యూమినా కరిగి, మళ్లీ జిగురులా గడ్డకట్టి మట్టిరేణువులను పట్టేస్తాయి. స్లాగ్‌లోని కాల్షియం ఆ పట్టును త్వరపెడుతుంది. రామగుండంలో బూడిద ఉంది, విశాఖలో స్లాగ్ ఉంది. సిలికేట్ తయారీకి మాత్రం కొలిమి కావాలి, అందుకే దాన్ని పొదుపుగా వాడాలి.

అలా గట్టిపడిన మట్టి పెళుసు. బరువు మించితే ఒక్కసారిగా పగులుతుంది. నాన్న సిమెంటు పూతకూ అదే జబ్బు. కోనసీమ కొబ్బరిపీచు ఇక్కడ పనికొస్తుంది. మట్టి బరువులో నూటికి ఒక పాలు కూడా అక్కర్లేదు. బీట మొదలైన చోట పీచు రెండంచులనూ పట్టి ఉంచుతుంది. క్షారం మితిమీరితే ఆ పీచునే తినేస్తుంది.

అలా చేసిన నా మొదటి దిమ్మె, పీచు ఉండ కట్టిన చోటే విరిగింది. ఆ రాత్రి నాయనమ్మ గుర్తొచ్చింది. గోడమట్టిలో వరిగడ్డిని ఒకేసారి గుమ్మరించేది కాదు. పలచగా చల్లుతూ, తొక్కుతూ, మళ్లీ చల్లేది. మర్నాడు పీచును విడదీసి, పొడిమట్టిలో కొంచెం కొంచెంగా చల్లి, ఆ తర్వాతే ద్రావణం పోశాను. ఈసారి దిమ్మె బీట వేసింది కానీ రెండుగా విడిపోలేదు.

ఇల్లు కడుతున్నామని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒక్కటే: మీ స్థలం మట్టి గుప్పెడు తీసి, ఆ రెండు జాడీల్లో వేసి చూశారా?