ఆర్వెల్ ‘షూటింగ్ యాన్ ఎలిఫెంట్’: తుపాకి, చట్టం, కోరంగి కూలీ

ఉపోద్ఘాతం

జార్జ్ ఆర్వెల్ 1922 నుంచి 1927 వరకు బర్మాలో ఇండియన్ ఇంపీరియల్ పోలీసు శాఖలో పనిచేశాడు. ఆ నేపథ్యంతో 1936లో వెలువడిన రచన ‘షూటింగ్ యాన్ ఎలిఫెంట్’. మౌల్‌మీన్ పట్టణంలో మదమెక్కి గొలుసు తెంచుకున్న పెంపుడు ఏనుగును ఒక తెల్ల పోలీసు అధికారి కాల్చి చంపడం ఇందులోని ఇతివృత్తం. పాలకుడు తాను పాలించే జనం చూపులకే బందీ అవుతాడనే కోణం విమర్శలో ప్రసిద్ధం. తుపాకి వినియోగం ఎప్పుడు న్యాయసమ్మతమవుతుందనే ప్రశ్న కూడా ఇందులో అంతే బలంగా ఉంది. ఆ ప్రశ్నకు రచనలో దొరికే సమాధానం ఒక కూలీ శవం మీద ఆధారపడింది. ఆ కూలీకి అంటగట్టిన పేరు గోదావరి తీరానిది.

మారిన ప్రయోజనం

కథకుడు మొదట తీసుకువెళ్లిన .44 వించెస్టర్ రైఫిల్ ఏనుగును చంపగలిగేది కాదు. దాని చప్పుడు బెదిరించడానికి పనికిరావచ్చునని అతని ఆలోచన. బురదలో కూలీ శవాన్ని చూశాక మిత్రుని ఇంటినుంచి పెద్ద రైఫిల్‌ను, ఐదు తూటాలను తెప్పిస్తాడు. అప్పటికీ ఉద్దేశం ఆత్మరక్షణ మాత్రమే. పొలంలో ప్రశాంతంగా మేస్తున్న ఏనుగును చూడగానే దానిని చంపకూడదని అతనికి స్పష్టమవుతుంది. అయినా వెనుక చేరిన రెండువేలమంది ఎదుట నవ్వులపాలు కాకూడదని కాలుస్తాడు. బెదిరింపు ఆత్మరక్షణగా, ఆత్మరక్షణ వధగా మారిన తీరు ఇది. ఆయుధం ఎందుకు అవసరమో ముందుగా చెప్పించుకోవడం లైసెన్సు విధానానికి సాధ్యమే. ట్రిగ్గరు నొక్కే క్షణంలో మనిషిని నడిపించేదేమిటో ఏ దరఖాస్తులోనూ ఉండదు.

తూటాల లెక్క కూడా గమనార్హం. మూడు తూటాలు తలకు, మిగిలిన రెండు గుండె ఉన్నదనుకున్న చోట పేలుస్తాడు. ఆ తరువాత చిన్న రైఫిల్‌తో పదేపదే కాల్చినా ప్రాణం పోవడానికి అరగంట పడుతుంది. తాను గురి సరిగా లేనివాడినని, ఏనుగును ఎక్కడ కాల్చాలో అప్పటికి తెలియదని కథకుడే ఒప్పుకుంటాడు. అతనికి అధికారం ఉంది, నైపుణ్యం లేదు. అధికారానికీ నైపుణ్యానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని ఏనుగు తన బాధతో పూరించింది.

చట్టం చేసిన నిరాయుధత

బర్మీయుల వద్ద ఆయుధాలు లేవని, వారు నిస్సహాయులని రచన చెబుతుంది. అలా ఎందుకు ఉన్నారో చెప్పదు. బర్మా 1937 వరకు బ్రిటిష్ ఇండియాలో భాగం. 1878 ఆయుధాల చట్టం ఆయుధధారణకు లైసెన్సును తప్పనిసరి చేసింది. చాలాకాలం యూరోపియన్లకు మినహాయింపు కూడా ఉండేది. కాబట్టి ఆ నిస్సహాయత స్వభావం కాదు, శాసన ఫలితం. తుపాకి కోసం జనమంతా ఒక్క మనిషి వైపు చూసే పరిస్థితిని పాలనే కల్పించింది. ఆ చూపుల బరువును కథకుడు గొప్పగా వర్ణించాడు గాని దాని మూలాన్ని వెదకలేదు.

కోరంగి అనే పేరు

అదుపు తప్పిన ఏనుగును యజమాని నిలువరించలేకపోతే చంపడం చట్టబద్ధమే. యజమాని భారతీయుడు కనుక అతని ఆగ్రహం చెల్లలేదు. యూరోపియన్లలో పెద్దలు కాల్పును సమర్థించారు. యువకులు కోరంగి కూలీ కంటే ఏనుగు విలువైనదన్నారు. కాకినాడకు దక్షిణాన, గోదావరి ముఖద్వారం సమీపంలోని రేవు కోరంగి. అక్కడినుంచి ఓడలెక్కిన శ్రామికుల వల్ల ఆ ఊరి పేరు బర్మాలో తెలుగువారికి, క్రమంగా దక్షిణాది కూలీలకు, తక్కువచేసి పిలిచే పిలుపైంది. ఈ రచన వెలువడడానికి ఆరేళ్ల ముందు, 1930 మే నెలలో, రంగూన్ రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగాయి. ఆ పిలుపు వెనుక ఉన్న చులకన ఎంత లోతైనదో ఆ చరిత్ర సూచిస్తుంది.

కూలీ చనిపోయినందుకు కథకుడు సంతోషిస్తాడు. ఆ మరణం తన కాల్పుకు చట్టపరమైన సాకు అయింది. బతికి ఉండగా ఏనుగుపాటి విలువ చేయని మనిషి, చనిపోయాక తుపాకికి సమర్థనగా పనికివచ్చాడు. అతనికి పేరు లేదు, అతని కోసం ఏడ్చినవారి ప్రస్తావన లేదు.

ముగింపు

కాల్పు చట్టబద్ధం కావడానికీ న్యాయం కావడానికీ ఉన్న అంతరాన్ని కథకుడు తన అంతరాత్మ పరిధిలో నిజాయితీగా చూపాడు. అయితే ఆ అంతరాన్ని కొలవడానికి అంతరాత్మ ఒక్కటే చాలదు. ఆయుధం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు, ఎవరి మరణం ఎవరికి సాక్ష్యపత్రమైంది అన్న ప్రశ్నలు కూడా కావాలి. కోరంగి వైపునుంచి చదివినప్పుడు ఈ రచన కేంద్రం ఏనుగు నుంచి బురదలో పడిన మనిషి వైపుకు జరుగుతుంది.