ఊరేగింపు మేళం – వెండితెర నాదం

పెళ్ళి ఊరేగింపులో మేళానికి శ్రావ్యత మొదటి ధర్మం కాదు, వినబడడం మొదటి ధర్మం. వీధి మొదట్లో మేళం మోగితే చివరి ఇంటివాళ్ళు గుమ్మంలోకి రావాలి. మాంగల్యధారణ వేళ గట్టిమేళం వాయించమనడంలోని ఉద్దేశమూ అటువంటిదే: తుమ్మో, అపశకునపు మాటో చెవిన పడకూడదు. ఈ మోటు గట్టిదనాన్ని సినిమా ఎంతవరకు పట్టుకుందో మూడు దక్షిణాది చిత్రాల ఆధారంగా పరిశీలిద్దాం.

ముందుగా వాద్యం సంగతి. నాదస్వరాల్లో పొట్టిది తిమిరి, పొడవైనది బారి. తిమిరిది హెచ్చు శ్రుతి. దాని ధ్వని వీధిని చీల్చుకుంటూ పోతుంది. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) బారిని ప్రచారంలోకి తెచ్చాక నాదం గంభీరమై కచేరీ వేదికకు దగ్గరయింది. అంటే వీధి ధ్వనికి నునుపు పెట్టడం సినిమాతో మొదలు కాలేదు. అంతకుముందే విద్వాంసుల చేతుల్లో మొదలయింది.

1962 నాటి ‘కొంజుం సలంగై’ (తెలుగులో ‘మురిపించే మువ్వలు’) చిత్రానికి సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. అందులో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరమూ, ఎస్. జానకి గాత్రమూ ఆభేరి రాగంలో పోటీపడతాయి. ఆ పాట గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కాని మైకు లేకుండా నాదస్వరం పక్కన నిలబడి పాడితే ఏ గొంతూ ఆనదు. ఇక్కడ రెండూ సమ ఉజ్జీలుగా వినిపిస్తున్నాయంటే, గొంతుకు చోటివ్వడానికి వాద్యం తగ్గిందన్నమాట.

1977లో వచ్చిన కన్నడ చిత్రం ‘సనాది అప్పణ్ణ’లో కథానాయకుడు పల్లెటూరి సనాది వాద్యకారుడు. రాజ్‌కుమార్ నటించిన ఆ పాత్రకు షెహనాయి వాయించినవారు బిస్మిల్లాఖాన్. నాదం అపూర్వమే. అయితే పల్లె మేళగాడి నోట మనకు వినిపించేది కాశీ ఉస్తాదు శ్వాస. పాత్ర ఊరిది, ధ్వని వేదికది. ఈ తేడాను చిత్రం గుర్తించదు.

ఈ రెంటికన్నా ‘తిల్లానా మోహనాంబాళ్’ (1968) మేళానికి దగ్గరగా నిలిచింది. కె.వి. మహాదేవన్ సంగీతంలో మదురై సోదరులు సేతురామన్, పొన్నుస్వామి జంటగా వాయించారు. రెండు నాదస్వరాలు ఒకే స్వరం పట్టినప్పుడు వెంట్రుకవాసి తేడాతో ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడిలోనే మేళానికి దళసరి వస్తుంది. ఒక్క వాద్యాన్ని ఎంత పెంచినా అది రాదు. త్యాగరాజ స్వామి ‘నగుమోము’ ఈ చిత్రంలో మాటలు లేకుండా మోగుతుంది. రాష్ట్రం బయట పుట్టిపెరిగిన మన విద్యార్థులు తెలుగు కీర్తన అలా నాదంగా మాత్రమే మిగిలిన తీరును గమనించాలి. అయితే ఈ కథకు కావలసింది నాదానికీ నాట్యానికీ పోటీ. ఊరేగింపు నడక కాదు. దూరం నుంచి ముందు డోలు దెబ్బ వినబడడం, మలుపు తిరిగాక సన్నాయి ఒక్కసారిగా మీద పడడం – ఈ అనుభవం ఇందులోనూ దొరకదు.

ఇదంతా కేవలం సౌందర్య విచారం కాదు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా (1924–1999)కు 1998లో సంగీత కళానిధి గౌరవం దక్కింది. అటువంటి గౌరవం ఏ కొద్దిమందికో అందుతుంది. తక్కిన భజంత్రీల బతుకుతెరువు పెళ్ళి పందిరే. సినిమా నాదమే కొలబద్ద అయితే, ఎండలో నడుస్తూ వాయించేవాడి నాదం మనకు అపస్వరంగానే తోస్తుంది. పైగా మనం కోరేది ఆ నునుపు నాదమే అయితే దాన్ని ఇవ్వడానికి మనుషులు అక్కరలేదు. రికార్డు చాలు, కీబోర్డు మీద ఒక మీట చాలు. ఆ మీటకు ఊపిరి అందకపోవడమంటూ ఉండదు, పక్కవాడితో ఒరిపిడీ ఉండదు.

కళాశాల నాటకంలో పెళ్ళి ఘట్టం పెట్టుకునే విద్యార్థులు మీ ఊళ్ళోని మేళాన్నే పిలవండి. వీలుకాకపోతే, వాళ్ళు వీధిలో నడుస్తుండగా కాస్త ఎడంగా నిలబడి రికార్డు చేయండి. డోలునూ సన్నాయినీ విడదీయకండి, జనం సందడిని తుడిచేయకండి. రికార్డు చేసినా సరే, వాళ్ళ సంభావన వాళ్ళకు ఇవ్వండి.