ఇరానీ చాయ్ పోసే చేయి

హైదరాబాద్‌లో ఎక్కడ తినాలని అడిగితే అందరూ బిర్యానీ హోటళ్ల పేర్లే చెబుతారు. నన్నడిగితే ముందు మక్కా మసీదు పక్కనున్న నిమ్రా కేఫ్‌కు తీసుకెళ్తాను. 1591 నాటి చార్మినార్‌ను చూస్తూ నిలబడి చాయ్ తాగొచ్చు. కానీ అక్కడ నేను చూసేది కట్టడాన్ని కాదు, చాయ్ పోసే మనిషిని.

ఇరానీ చాయ్ పనితనమంతా రెండు గిన్నెల్లో ఉంది. ఒకదాంట్లో చాయ్ పత్తీ నీళ్లతో కలిసి, మూత కింద సన్నసెగ మీద చాలాసేపు మగ్గుతుంది. రెండోదాంట్లో పాలు విడిగా మరిగి చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. ముందు ఎర్రటి డికాక్షన్, దాని మీద పాలు. కొలత గరిటె ఉండదు, మణికట్టు ఎక్కడ ఆగాలో రంగే చెబుతుంది. వరసగా పేర్చిన కప్పులన్నీ ఒకే గోధుమరంగుకు తిరుగుతుంటే, ఎదురుగా గుంపు ఎంత తోసుకున్నా ఆ చేయి తొణకదు.

పక్కన ఉస్మానియా బిస్కెట్ ఉండాల్సిందే. తీపిలో కాస్త ఉప్పు తగిలే ఆ బిస్కెట్‌ను ముంచి వెంటనే నోట్లో వేసుకోవాలి, ఆలస్యం చేస్తే విరిగి అడుగుకు చేరుతుంది. నాంపల్లి వైపు వెళ్తే సుభాన్ బేకరీలో ఇంటికి ఒక డబ్బా కట్టించుకోండి. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేవాళ్లకు ఇరానీ చాయ్ తాగడానికి ఆల్ఫా హోటల్ ఎదురుగానే ఉంది.

ఏసీ కేఫ్ ధరలో సగం కూడా లేని ఈ చాయ్‌ని పార్సిల్ మాత్రం కట్టించుకోకండి. అక్కడే, వేడిగా తాగండి.